కనీసం

అన్నం గంట కొట్టకముందే కబురొచ్చింది,
కనీస వేతనం ఆరు డాలర్లు పెరిగిందని.
మిషన్ల హోరులో మాట వినపడదు కాబట్టి
ఒకరి పెదవుల మీంచి ఇంకొకరి పెదవుల మీదికి
లైను తర్వాత లైను దాటింది:
ఆరు. ఆరు. ఆరట.
సూపర్‌వైజరు కూడా ఆ పూట అరవలేదు.

సాయంత్రం లారీలో నిలబడి గదికొస్తున్నాం.
అరవై మందిమి. పట్టుకోవడానికి ఒకరికొకరమే.
నోమ్‌పెన్ పొలిమేర దుమ్మంతా మా క్రామాల మీదే.
బ్రేకు పడ్డప్పుడల్లా ఫల్లా నవ్వుతోంది.
ఆరు డాలర్లతో ఏం చేస్తావే అంటే
వారానికి రెండుసార్లు చేప, అంది.
ఎండుది కాదు, తోక కొట్టుకునే చేప.

మేం దిగేసరికి
సందు మొదట్లో ఇంటావిడ, చేతిలో సుద్దముక్క.
పదకొండు రేకు తలుపుల మీద వరసగా
పాత అద్దె తుడిచి కొత్త అంకె వేస్తోంది.
మూడు డాలర్లు ఎక్కువ.
మింగ్ సారున్ చెడ్డమనిషేం కాదు.
పద్నాలుగేళ్ళు మా ఫ్యాక్టరీలోనే కాలర్లు కుట్టింది.
కుడి చూపుడువేలి గోట్లో
సూది దిగిన మచ్చ ఇప్పటికీ ఉంది.
"మీకు పెరిగింది కదమ్మా," అంది, మొహాలు చూడకుండా.
"నాకు అప్పు పెరిగింది."

అంగట్లో గుడ్డు వంద రియెళ్ళు ఎక్కింది.
పొద్దున సంచిలో కట్టిచ్చే అన్నం మీద
మాంసం ముక్కలు లెక్కపెట్టాను.
ఐదుండేవి. నాలుగు.
ఆ ఆరు డాలర్లు మా చేతికొచ్చేది జనవరిలో.
ఇది సెప్టెంబరు.

గదిలో నలుగురం. లెక్కల పుస్తకం నాది.
బియ్యం, ప్రహోక్, అద్దె, కరెంటు,
ఫల్లా కూతురి బడి,
కొలాప్ వాళ్ళ పొలం కాగితాల మీద తెచ్చిన అప్పుకి కిస్తీ.
చివరి గడి పేరు మిగులు.
స్కేలు పెట్టి మరీ గీశాను.
మూడేళ్ళుగా అది ఎవరూ పడుకోని మంచం.

పోయినేడు కళ్ళజోడాయన ఒకాయన వచ్చాడు,
కాగితాల కట్టతో.
మనిషి బతకడానికి కనీసం ఎంత కావాలని అడిగాడు.
ఎన్ని ముద్దలు, ఎన్ని అడుగుల నేల,
ఏడాదికి ఎన్ని జతల చెప్పులు.
కనీసం అన్నప్పుడల్లా ఆయన గొంతు తగ్గేది,
రోగి మంచం పక్కన మాట్లాడినట్టు.
కొలాప్ అడిగింది:
"చావకుండా ఉండటానికా సార్, బతకడానికా?"
ఆయన కాగితంలో దానికి గడి లేదు.
పాపం, కాసేపు వెతికాడు.

కొలాప్ అంటే మా భాషలో గులాబీ.
అక్టోబరులో ఒక మధ్యాహ్నం మిషన్ మీదే ఒరిగిపోయింది.
కుట్టు మాత్రం ఆగలేదు,
కాలు పెడల్ మీదే ఉండిపోయింది,
జేబు అంచు దాటి, నడుము దాటి
దారం తన దారిన తను పోయింది.
నర్సు చక్కెరనీళ్ళు పట్టి
"పొద్దున తినలేదు" అని రాసుకుని
మూడింటికల్లా వెనక్కి పంపింది.

ఆ సాయంత్రమే గోళ్ళరంగు కొనుక్కొచ్చింది.
ఎర్రది. రెండువేల రియెళ్ళు.
నాకు ఒళ్ళు మండింది.
మింగ మెతుకు లేదు గానీ
మీసాలకి సంపెంగ నూనెట, అన్నాను.
"మీసాలకి కాదు," అంది, "వేళ్ళకి.
రోజుకి పది గంటలు నేను చూసేది వీటినే."
తర్వాత నా చెయ్యి లాక్కుంది.
కరెంటు పోయింది, ఫోను వెలుగులో వేసుకున్నాం.
నలుగురివి, నలభై గోళ్ళు. సీసా అడుగంటింది.
ఆరేదాకా ఎవరమూ దేన్నీ ముట్టుకోలేదు.
చేతులు ఊరికే ఉండటం ఎలా ఉంటుందో
అప్పుడే తెలిసింది.

వాళ్ళు పడుకున్నాక పుస్తకం తెరిచాను.
రెండువేలు ఎక్కడ రాయను?
తిండి కాదు. మందు అందామా.
మిగులు అంటే అబద్ధం.
పెన్సిలు కొరుకుతూ చాలాసేపు కూర్చుని
మొదటి గడిలో, బియ్యం పక్కనే రాశాను.

తెల్లారేసరికి ఫల్లా బొటనవేలి గోటికి
అప్పుడే పెచ్చు లేచింది.
లారీ హారన్ కొడుతోంది.